పాత తరహా పిస్టల్ కొందామనుకుంటున్న, ఏది తీసుకోవాలె?

(ఈసారి లైసెన్స్ ఆయుధాల మీద వచ్చిన ఉత్తరాలు మూడు తీసుకున్నం. జవాబులు రాసింది ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసులల్ల ఆర్మరర్‌గ (ఆయుధాలు చూసుకోని రిపేరు చేసే ఉద్యోగం) చేసి రిటైరైన మా పాఠక మిత్రుడు.)

ప్రశ్న: సార్ నమస్తే. మాది మిర్యాలగూడ, రైస్ మిల్లు ఉన్నది. వడ్ల సీజన్ల రైతులకు ఇచ్చే పైసలు పట్టుకోని తిరగాల్సి వస్తది, రెండేండ్ల కింద మా గుమస్తాను బైపాస్ మీద ఆపి బ్యాగు గుంజుకపోయిన్రు, గప్పుడే లైసెన్స్‌కు అప్లై చేసిన, మొన్న శాంక్షన్ అయ్యింది. నాకు చిన్నప్పట్నుంచి ఆ పాతకాలం పిస్టళ్లంటె మస్తు ఇష్టం, ఉక్కు బాడీ, కట్టె పిడి, ఎన్క ఘోడా (హ్యామర్), అమెరికా మిలిటరోళ్ల 1911 ఉంటది కదా అసుమంటిది. ఒకాయన దగ్గర పాత విదేశీ .32 (బ్యారెల్ బెజ్జం సైజు, అంగుళాలల్ల) పిస్టల్ ఉన్నదంట, ఆరు లక్షలు చెప్తుండు. తెలిసినాయన అవన్ని వద్దు మన సర్కారు ఫ్యాక్టరీది అశని పిస్టల్ తీస్కో అంటడు. మా బామ్మర్ది ఏమో రివాల్వరే మంచిగుంటది అంటడు. ఏది తీసుకోవాలె?
— పేరు వద్దు, మిర్యాలగూడ

జవాబు: తమ్ముడూ, ముందుగాల ఆ 1911 ముచ్చట తేల్చుకుందాం, మీ మనసు ఆడనే ఉన్నది కాబట్టి. దాన్ని తయారుచేసింది జాన్ మోజెస్ బ్రౌనింగ్, అమెరికా సైన్యం 1911 మార్చి 29న తీసుకున్నది, 1985 దాక వాళ్ల నడుముకు అదే ఉండె. .45 రౌండు (తూటా), మ్యాగజిన్ల (తూటాలు నింపే డబ్బీ) 7, ఖాళీగ ఉన్నప్పుడే కిలో మీద 100 గ్రాముల బరువు. అంత మంచి వస్తువే గని మనకు అది రాదు. మన ఆయుధాల రూల్స్‌ల .45 రౌండు, మిలిటరీ 9 ఎంఎం రౌండు పట్టే పిస్టళ్లు ప్రొహిబిటెడ్ బోర్, అంటె మామూలు మనిషికి ఇయ్యని సైజు కింద పెట్టిన్రు. 1935ల వచ్చిన బ్రౌనింగ్ హై పవర్‌ది గూడ గదే కథ, దాని లెక్కనే మన ఇషాపూర్ ఫ్యాక్టరీల చేసిన 13 రౌండ్ల 9 ఎంఎం పిస్టల్‌ను ఎన్నో ఏండ్లు నేను నా చేతులతోని విప్పి, తుడిచి, మళ్ల బిగించిన, అది మీ చేతికి మాత్రం రాదు. మీ లైసెన్స్ ఎన్‌పీబీ (నాన్ ప్రొహిబిటెడ్ బోర్), అంటె పిస్టల్‌ల మీకు అసలు దారి .32. ఎవడన్న వచ్చి .45 ఇప్పిస్త, 9 ఎంఎం ఇప్పిస్త అంటె వాడు మిమ్ములను జైలుకు తోల్కపోతుండు అనుకోండ్రి.

అయితె బాధపడేది ఏం లేదు. పాత తరహా అంటె అసలు .32నే. ఆ రౌండు 1899 నాటిది, అది గూడ బ్రౌనింగ్‌దే. దాని కోసం చేసిన పిస్టళ్లు చూడండ్రి, బెల్జియం కంపెనీ ఎఫ్‌ఎన్ 1900, కోల్ట్ 1903, ఎఫ్‌ఎన్ 1910, జర్మనీ వాల్తర్ పీపీ 1929ది, దాని తమ్ముడు పీపీకే 1931ది. సన్నగ, జేబుల పట్టేటట్టు, నల్లటి మెరుగుతోని ఎంత ముద్దుగ ఉంటయో. కోల్ట్ 1903 చేతిల పట్టుకుంటె ఎన్కకు ఏం కనవడది, ఘోడా లోపల్నే దాగి ఉంటది. మీకు ఘోడా కనవడాలె అంటె వాల్తర్ పీపీ.

ఇగ పనితనం గురించి జర వివరంగ చెప్త, ఎందుకంటె కొనేటోళ్లు అందరు రూపం చూసి కొంటరు, తర్వాత నా అసుమంటోని దగ్గరికి పట్టుకోని వస్తరు. 1911ల రౌండు పేలినప్పుడు బ్యారెల్, స్లైడు (పైన ముంగటికి ఎన్కకు జరిగే భాగం) కొంచెం దూరం కలిసి ఎన్కకు పోయి అప్పుడు ఇడిపోతయి. మన .32 పిస్టళ్లల్ల అట్ల తాళం ఉండది, బ్యారెల్ కదలది, స్లైడు బరువు, స్ప్రింగు బలం ఈ రెండే ఆ దెబ్బను ఆపుతయి. అందుకే పిస్టల్ చిన్నగ ఉన్నా స్ప్రింగు గట్టిగ ఉంటది. దుకాణంల మీరు చెయ్యాల్సిన మొదటి పని, ఖాళీదని చూసుకున్నంక స్లైడును పది సార్లు ఎన్కకు గుంజి చూసుడు. చెమట చేతితోని, నిలబడి, కూసోని. మన నల్గొండ ఎండల మే నెలల చేతులు ఎట్ల జారుతయో మీకు తెల్సు. పదోసారికి వేళ్లు నొప్పి పెట్టి సగంల ఆగిపోతె ఆ పిస్టల్ మీది కాదు, ఎంత అందంగున్నా పక్కకు పెట్టండ్రి.

రెండోది మ్యాగజిన్. .32 రౌండు అడుగున అంచు కొంచెం బయటికి ఉంటది. మ్యాగజిన్ నింపేటప్పుడు పై రౌండు అంచు కింది రౌండు అంచు ఎన్కకు పోతె రెండు ఒకదానికొకటి కొండి పడతయి, స్లైడు ముంగటికి పోదు, అక్కర ఉన్నప్పుడే ఆగిపోతది. నేను చూసిన .32 కంప్లెయింట్లల్ల ఎక్కువ గియ్యే, పిస్టల్ తప్పు గూడ కాదు, నింపుడు తప్పు. ఒక్కొక్క రౌండు పెట్టినంక బొటనవేలుతోని ఎన్కకు నొక్కి, పైది కింది దాని ముంగట కూసున్నదా లేదా చూడాలె. ఇది ఎవ్వరు చెప్పరు, మీరు అడిగి నేర్చుకోండ్రి.

ఇప్పుడు ఆ ఆరు లక్షల పిస్టల్. విదేశీ హ్యాండ్‌గన్లు మామూలు మనిషి తెప్పించుకునుడు 1980ల నడిమి నుంచే బందు అయ్యింది, అందుకనే ఉన్నయే చేతులు మారుతయి, రేటు వస్తువుకు కాదు, దొరకకపోవుడుకు. కొనొద్దు అంట లేను, గని ఈ లెక్కన చూడండ్రి. పిస్టల్ మీది నంబరు, అమ్మేటాయన లైసెన్స్‌ల నంబరు అక్షరం అక్షరం కలవాలె. ఒకరి లైసెన్స్ నుంచి ఇంకొకరికి అమ్మాలంటె కలెక్టర్‌కో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో రాసిచ్చి 45 రోజులు ఆగాలె, చట్టంలనే ఉన్నది, గా లోపట పైసలు ఇచ్చి వస్తువు తెచ్చుకుంటె ఇద్దరూ ఇరుక్కుంటరు. తర్వాత బ్యారెల్ విప్పించి వెలుతురుకు పెట్టి చూడండ్రి, లోపల గీతలు వంకర తిరిగి మెరవాలె, నల్లటి గుంతలు కనవడితె ఎనకటి కాలంల ఎవరో కాల్చి తుడవకుంట పెట్టిన్రు అన్నట్టు. ఒరిజినల్ మ్యాగజిన్లు ఎన్ని అడగండ్రి. ఒక్కటే ఉన్నది, ఇంకొకటి దొరకది అంటె ఆరు లక్షలు కాదు రెండు లక్షలకు గూడ ఆలోచించాలె, మ్యాగజిన్ మూతి వంగిన రోజు అది పేపర్ వెయిట్ తీరుగ పడి ఉంటది. ఫైరింగ్ పిన్ను (రౌండును గుద్దే సూది) ఇరిగితె గూడ అంతే, అతికించేటోడు దొరుకుతడు గని సరైన ఉక్కుతోని చేసేటోడు దొరకడు. ఇంకొకటి, అప్పటి పిస్టళ్లల్ల చాలావాటికి కింద పడితె పేలకుంట ఆపే ఏర్పాటు ఇప్పటి వాటిల ఉన్నట్టు ఉండది. మీరేమో బండి మీద, కారుల తిరిగే మనిషి.

అశని గురించి. కలకత్తా దగ్గరి సర్కారు ఫ్యాక్టరీల తయారైతది, .32నే. ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలన్ని 2021 అక్టోబర్ల కంపెనీలు అయినయి, చిన్న ఆయుధాలు ఇప్పుడు కాన్పూర్ హెడ్డాఫీసు ఉన్న కంపెనీ కిందికి వచ్చినయి. నిజం చెప్పాలంటె ఫినిషింగ్ జర్మనీ వాల్తర్ తీరుగ ఉండది, ఒక పీసు నున్నగ ఉంటది, ఇంకో పీసు స్లైడు గరగరమంటది. అందుకనే దుకాణంల ఒక్కటి చూసి బిల్లు కొట్టియ్యొద్దు, మూడు నాలుగు తీపిచ్చి పక్కపక్కన పెట్టుకోని చూడండ్రి. స్లైడు ఇడిస్తె ఎక్కడ ఆగకుంట ముంగటికి పోవాలె, మ్యాగజిన్ పెట్టంగనే టక్కున కూసోవాలె, తలకిందులు చేసినా జారొద్దు, సేఫ్టీ వేస్తె ట్రిగర్ కదలొద్దు, పైన గురి చూసే గీత నడిమిట్ల ఉండాలె. కొత్త వస్తువు, బిల్లు ఉంటది, మ్యాగజిన్లు దొరుకుతయి, రిపేరు చేసే చెయ్యి మన దేశంలనే ఉన్నది. కట్టె పిడి కావాలంటె తర్వాత మంచి టేకుతోని చేపిచ్చుకోవచ్చు, పిడి చెక్కలు మార్చుకునుడుకు అడ్డం లేదు. లైసెన్స్ మీద ఎన్ని రౌండ్లు రాసిన్రో అన్నే కొనాలె, కొన్న ప్రతిసారి ఎంట్రీ వేపిచ్చుకోవాలె.

మీ బామ్మర్ది మాట గూడ తీసెయ్యను. రివాల్వర్ అంటె ఆరు రౌండ్లు, చక్రం తెరిచి చూస్తె ఖాళీనా నిండుగనా కండ్లకు కనవడతది, మ్యాగజిన్ లేదు, కొండి పడుడు లేదు. యాడాదికి ఒకటి రెండు సార్లు తప్ప ముట్టను అనేటోనికి నేను రివాల్వరే చెప్త. అది గూడ .32నే గని రౌండు వేరే, పొడుగు ఉంటది, పిస్టల్‌ల పెట్టరాదు, పిస్టల్‌ది దాంట్ల వాడరాదు, కొనేటప్పుడు రెంటి పేరు ఒక్కటే అని మోసపోవద్దు.

కాబట్టి నా మాట. నెలకు ఒక్కసారన్న రేంజికి పొయ్యి 20 రౌండ్లు కాలుస్త, ఇంట్ల ఖాళీ పిస్టల్‌తోని స్లైడు గుంజుడు, సేఫ్టీ తీసుడు అలవాటు చేసుకుంట అంటె అశని తీసుకోండ్రి. అంత తీరిక లేదు అంటె రివాల్వర్. ఆ పాత విదేశీ పిస్టల్ మాత్రం రెండు ఒరిజినల్ మ్యాగజిన్లు ఉండి, తెలిసిన ఆర్మరర్ విప్పి చూసి బాగున్నది అన్నంకనే, అది గూడ ఇష్టం కొద్ది కొనే వస్తువు, గుమస్తాను కాపాడే వస్తువు కాదు.

ఒక్క సంగతి చెప్పనిది నాకు మనసుల పట్టది. మా బెల్ ఆఫ్ ఆర్మ్స్ (ఆయుధాలు దాచే గది) ముంగట ఒక ఇసుక డబ్బా ఉండేది, బయటి నుంచి వచ్చిన ప్రతి ఆయుధం మూతి దాంట్ల పెట్టి ఖాళీ చేసినంకనే లోపలికి. ఎలక్షన్ల టైంల లైసెన్సోళ్లు డిపాజిట్ చేసేతందుకు వస్తరు కదా, అట్ల ఒక పెద్దాయన వచ్చి మ్యాగజిన్ తీసి నా చేతుల పెట్టి, ఖాళీనే సార్, నిన్ననే చూసిన అన్నడు. నేను మూతి ఇసుకల పెట్టి స్లైడు గుంజిన, బంగారం రంగు రౌండు ఒకటి ఎగిరి నా బూటు మీద పడ్డది. ఆయన మొఖం తెల్లగ అయ్యింది. ఆ పిస్టల్ ముందురోజు రాత్రి ఆయన మనుమడు పండుకునే మంచం పక్కన అల్మారల ఉన్నదంట. పిస్టల్‌ల మ్యాగజిన్ తీస్తె చాంబర్ల (బ్యారెల్ ఎన్క రౌండు కూసుండే తావు) ఉన్న రౌండు పోదు తమ్ముడూ, స్లైడు గుంజి, చిన్నవేలు పెట్టి తడిమి చూడాలె. ముందు మ్యాగజిన్, తర్వాత స్లైడు, ఈ వరుస తప్పితె ఒక రౌండు తీసి ఇంకొకటి నింపినట్టు అయితది. ఇంట్ల పిల్లలుంటె తాళం వేసే ఇనుప పెట్టె లేకుంట పిస్టల్ ఇంటికి తేవద్దు.

మిగిలినయి తొందరగ చెప్పుకపోత. మీ లైసెన్స్ ఏరియా చూసుకోండ్రి, జిల్లా వరకే ఉంటె నాగార్జునసాగర్ దిక్కు గని వాడపల్లి దిక్కు గని కృష్ణ దాటి అవుతలికి పిస్టల్‌తోని పోరాదు, మీ వ్యాపారం దాచేపల్లి, పిడుగురాళ్ల దాక ఉంటది కాబట్టి చెప్తున్న, రాష్ట్రం మారింది కదా ఇప్పుడు. పెండ్లి బరాత్‌ల గాల్లకు కాలిస్తె ఆయుధాల చట్టం 2019 సవరణ ప్రకారం రెండేండ్ల దాక జైలు, లక్ష దాక జుర్మానా, లేకుంటె రెండూ. తోలు పౌచ్‌ల పెట్టి లాకర్ల ఉంచొద్దు, తోలు తేమ గుంజుతది, ఒక్క వానకాలంలనే నల్లటి మెరుగు మీద ఎర్ర చుక్కలు లేస్తయి, మెత్తటి గుడ్డల చుట్టి పెట్టండ్రి. కొబ్బరినూనె అసలే పొయ్యొద్దు. ఒకాయనది నేను విప్పితె ఫైరింగ్ పిన్ను పొయ్యే బెజ్జం నిండ బంక తీరుగ గడ్డకట్టి ఉండె, ట్రిగర్ నొక్కితె టిక్ అంటది గని పిన్ను రౌండుకు ముట్టది. గన్ ఆయిల్ రెండు చుక్కలు, తర్వాత పొడి గుడ్డతోని తుడిచెయ్యాలె, గంతే.

ప్రశ్న: అన్నా నమస్తే, జడ్చర్ల నుంచి రాస్తున్న, టీచర్‌ను. మా పాపకు 14 ఏండ్లు, ఒలింపిక్స్ చూసినప్పట్నుంచి పిస్టల్ షూటింగ్ నేర్చుకుంట అంటున్నది. మా ఆయన ఏమో లైసెన్స్ అవుసరం లేని గ్యాస్ పిస్టల్ ఒకటి, చూస్తె అచ్చం 1911 లెక్కనే ఉన్నది, అది తెస్త ఇంట్లనే నేర్చుకుంటది అంటుండు. తేవొచ్చా?
— ఒక తల్లి

జవాబు: చెల్లె, పాప అడిగింది మంచిది, మీ ఆయన తెస్త అన్నది వేరే వస్తువు. .177 అంటె 4.5 ఎంఎం లోపల ఉండి, మూతి కాడ శక్తి 20 జౌల్స్ దాటని గాలి పిస్టల్‌కు లైసెన్స్ అక్కర లేదు, ఆ మాట నిజమే. గని ఆ గ్యాస్ దాంట్ల వేసేది ఎక్కువ ఉక్కు గోలీలు, గోడకు కొడితె అంతే వేగంతోని ఎన్కకు వస్తయి, కన్ను పోతది. చూసేటోనికి అది అసలు పిస్టలే, పాప బ్యాగుల పెట్టుకోని బస్టాండుకు పోతె పోలీసాయన గూడ అసలుదే అనుకుంటడు, ఆయనది తప్పు కాదు.

ఆట కోసం అయితె 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ వేరే ఉంటది. 60 షాట్లు, 75 నిమిషాలు, ట్రిగర్ బరువు 500 గ్రాములకు తగ్గొద్దు, పిస్టల్ బరువు కిలోన్నర దాటొద్దు, నడిమి పదో నంబరు చుక్క 11.5 ఎంఎం, మన చొక్కా గుండీ అంత. ఒక్క చేతితోనే పట్టాలె. మోరిని, స్టేయర్, వాల్తర్, పార్దిని కంపెనీలవి మంచియి గని లక్షల్ల ఉంటయి, మొదటి ఆరు నెలలు ఏదీ కొనొద్దు. హైదరాబాద్‌ల రేంజీలు ఉన్నయి, అకాడమీలు ఉన్నయి, ఆడ వాళ్ల పిస్టల్‌తోనే నేర్పిస్తరు, జడ్చర్ల నుంచి శని ఆదివారాలు పొయ్యి రావొచ్చు. కోచ్ పాప అరచెయ్యి కొలిచి పిడి సైజు చెప్పినంకనే కొనుడు, కట్టె పిడి చేతికి సరిగ్గ పడకుంటె లక్షన్నర పిస్టల్ గూడ దండగ. మన హైదరాబాద్ బిడ్డ ఇషా సింగ్ 2023ల హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలల్ల నాలుగు పతకాలు తెచ్చింది, ఒకటి బంగారం, 25 మీటర్ల పిస్టల్ టీంది. మీ పాపకు ఆ ముచ్చట చెప్పండ్రి, గ్యాస్ పిస్టల్ మర్చిపోతది. అందాక ఇంట్ల రోజు అద్దం ముంగట అరలీటరు నీళ్ల సీసా ఒక్క చేతితోని భుజం ఎత్తుకు పట్టుకోని నిమిషం నిలబడమనండ్రి, అది గూడ ప్రాక్టీసే.

ప్రశ్న: మాది వనపర్తి దగ్గర ఊరు. మా తాతకు ఎనకట లైసెన్స్ పిస్టల్ ఉండె, చనిపోయి ఎనిమిది నెలలు. పిస్టల్ బీరువల అట్లనే ఉన్నది, లైసెన్స్ బుక్కు గూడ ఉన్నది. తాత గుర్తు అని మా నాయన ఇస్తలేడు. మా పేరు మీద చేసుకోవచ్చా సార్?
— మనుమడు

జవాబు: చేసుకోవచ్చు తమ్మీ, గని ఎనిమిది నెలలు ఆగుడు తప్పు. లైసెన్సు మనిషి పేరు మీద ఉంటది, మనిషి పోయిన రోజు నుంచి ఆ పిస్టల్ మీ ఇంట్ల లైసెన్స్ లేని ఆయుధమే. మీ నాయనకు నెమ్మదిగ చెప్పండ్రి, డిపాజిట్ అంటె సర్కారు గుంజుకునుడు కాదు, వారసులు ఎవరన్న లైసెన్స్ తెచ్చుకునే దాక దాచి పెట్టుడు. 2016 ఆయుధాల రూల్స్‌ల వారసునికి ఇచ్చే దారి విడిగ పెట్టిన్రు, తాత బతికుండంగనే గూడ 70 ఏండ్లు నిండినా, 25 ఏండ్లు ఆ ఆయుధం దగ్గర ఉన్నా, వారసుని పేరు మీదికి మార్చుకునే వీలు ఉన్నది. ఈ ఉత్తరం చదివేటోళ్లల్ల ఇంట్ల పెద్దమనిషి లైసెన్స్‌తోని ఉంటె ఇప్పుడే కదలండ్రి. 21 నిండిన వారసుడు ఎవరో ఇంట్ల కూసోని తేల్చుకోండ్రి, మిగిలినోళ్లు అభ్యంతరం లేదని రాసియ్యాలె, ఆయుధం పట్టుకునే శిక్షణ సర్టిఫికెట్ కావాలె, అప్లికేషన్ కలెక్టరేట్‌కు. 2019 నుంచి ఒక్క మనిషికి రెండు ఆయుధాలే, మీ నాయనకు ఇంతకుముందే రెండు తుపాకులు ఉంటె ఇది ఇంకొకరి పేరు మీదికి పోవాలె. బోర్ ఏందో గూడ బుక్కుల చూడండ్రి, పాతయి కొన్ని ఇప్పుడు ప్రొహిబిటెడ్ కింద ఉన్నయి, వాటి ఫైలు దారి వేరే.

పిస్టల్ సంచిల వేసుకోని బస్సెక్కి స్టేషన్‌కు పోవద్దు. ముందు ఎస్సైకి ఫోన్ చేసి, ఇట్లిట్ల తాత పోయిండు, డిపాజిట్ చెయ్యాలె అని చెప్పండ్రి, ఆయన ఎట్ల రమ్మంటె అట్ల చెయ్యండ్రి. అందాక దాన్ని ఎవరు ముట్టొద్దు, ఖాళీనా నిండుగనా అని మీరు చూడొద్దు, పాతది, స్ప్రింగు ఎట్లున్నదో ఏమో, తెలిసిన ఆర్మరర్ చేతనే తీపిచ్చండ్రి. డిపాజిట్ చేసినంక రసీదు ఇస్తరు, దాని మీద పిస్టల్ నంబరు, బోరు, మ్యాగజిన్లు ఎన్ని, రౌండ్లు ఎన్ని అన్ని రాసిన్రా లేదా ఆడనే నిలబడి బుక్కుతోని కలిపి చూసుకోని అప్పుడు సంతకం పెట్టండ్రి, ఒక జిరాక్స్ మీ నాయన చేతుల పెట్టండ్రి.